రెండో గొంతు

నవీన పిహెచ్.డి.కి ఎంచుకున్న అంశం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. చావింట్లో ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ళ బతుకంతా చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు దాన్ని శోకం పెట్టడం అంటారు. ఆమె పరిశోధన ఆ శోకాల మీద.

"లోకంల ఇంకేం దొరకనట్టు ఏడుపులే దొరికినయా నీకు?" అన్నాడు భర్త రాకేశ్. అతను బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. ఇద్దరూ నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళు.

"పాటల మీద చానామంది రాసిండ్రు. వీటి మీద రాసినోళ్ళు తక్కువ" అంది నవీన.

అది నిజమే. కానీ అసలు కారణం అది కాదని ఆమెకు తెలుసు, చెప్పుకోలేదంతే.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. తండ్రి అంబదాస్ సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. తల్లి అనసూర్య ఆ సాంచాలకు నూలు కండెలు చుట్టేది. వాటి చప్పుడులో మాట వినపడాలంటే అరవాల్సిందే కాబట్టి, ఆ ఇంట్లో ప్రేమగా మాట్లాడినా కొట్లాడుతున్నట్టే ఉండేది. నవీన వరంగల్‌లో హాస్టల్లో ఉండి ఎం.ఏ. ఆఖరి పరీక్షలు రాస్తున్నప్పుడు అనసూర్యకు జ్వరమొచ్చింది. విషజ్వరం. పరీక్షలు పాడవుతాయని నవీనకు ఎవరూ చెప్పలేదు. చివరి పేపరు రాసి బయటికొచ్చాక ఫోన్ మోగింది. ఆమె ఇల్లు చేరేసరికి కాష్టం కూడా చల్లారింది. గోడకు ఆనించిన కండెల రాట్నం మీద తడి చీర ఆరేసి ఉంది.

నవీన ఏడవలేదు. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను చూసి మళ్ళీ శోకం ఎత్తుకున్నారు. ఆమె వాళ్ళ మధ్యన గోడలా నిలబడింది. "సదువుకున్నోళ్ళకు కన్నీళ్ళు రావు" అని ఎవరో అన్నారు. ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. పెళ్ళయ్యాక, లక్సెట్టిపేటలో డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే పని దొరికాక, పిహెచ్.డి.లో సీటు వచ్చినప్పుడు, వేరే అంశం ఏదీ ఆమె మనసుకు తోచలేదు.

మొదట్లో పని చకచకా సాగింది. ఊళ్ళు తిరిగింది, ఆడవాళ్ళతో మాట్లాడింది, రికార్డు చేసింది. ఎవరో చెబితే లక్సెట్టిపేట అవతల గోదావరొడ్డున ఉన్న ఒక ఊరికి పోయి పోశవ్వను కలిసింది. పోశవ్వది ముసలి ప్రాణం. ఎవరింట్లో చావయినా ఆమె వచ్చి ఎత్తుకుంటే గాని మిగతావాళ్ళకు ఏడుపు కుదరదని ఆ ఊళ్ళో అంటారు.

పోశవ్వ ముందు ఒప్పుకోలేదు.

"పీనుగ లేంది శోకం వెట్టద్దు బిడ్డా. ఉత్తగ ఏడిస్తే ఊకోదు అది. ఎవలకోసం ఏడ్వాలె నేను?"

నవీన ఆమె దగ్గరికి జరిగింది. "మాయవ్వ కోసం ఏడువు పెద్దవ్వా. ఆమె పోయి చాన దినాలయింది" అంది.

పోశవ్వ ఆమెను తేరిపార చూసింది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. మీయవ్వ పేరేంది? ఏం పని చేస్తుండె? ఏం తినబుద్దయ్యేది ఆమెకు? నిన్నేమని పిలుస్తుండె? తల్లి గురించి నవీన అన్నిటికీ జవాబు చెప్పింది. కండెలు చుట్టేది. ఉడికిన మక్క కంకులంటే ప్రాణం. నన్ను 'నవ్వీ' అనేది. పోశవ్వ కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, ఎత్తుకుంది.

ఆ రోజు గురించి నవీనకు గుర్తున్నది అక్కడిదాకే. ఆ తర్వాత చాయ తాగడం, బస్టాపులో నిలబడడం గుర్తుంది. మధ్యలోది ఏమీ లేదు.

మొదటి మూడు అధ్యాయాలు అనుకున్న గడువుకు ముందే అయ్యాయి. నాలుగోది బిడ్డ తల్లికి పెట్టే శోకం గురించి. దానికి పోశవ్వ రికార్డింగే ప్రాణం. ఒక ఆదివారం పొద్దున నవీన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దాన్ని రాతలోకి ఎక్కించడానికి కూర్చుంది.

పోశవ్వ గొంతు బొంగురుగా మొదలైంది.

"కండెలు సుట్టిన చేతులేడబాయె నా తల్లీ... నవ్వీ అని పిలిసిన నోరేడబాయె నా తల్లీ... సాంచలు ఊకున్నయి, నువ్వు ఊకున్నవు నా తల్లీ..."

కొంతసేపయ్యాక, పోశవ్వ ఊపిరి తీసుకున్న చోట, ఇంకొక గొంతు వినిపించింది. సన్నగా, లోతుగా, గోడ అవతలినుంచి వచ్చినట్టుంది. మాటలు తెలియడం లేదు. పోశవ్వ ఆగిన ప్రతిసారీ అది అందుకుంటోంది. నవీన వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఆ గొంతులో ఒక జీర ఉంది, అరిచి అరిచి అరిగిపోయిన జీర. సాంచాల మధ్యన బతికిన మనిషి గొంతు. అది తన తల్లి గొంతు.

ఇయర్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పేల్చినప్పుడు కిటికీ అద్దాలు ఎప్పటిలాగే గడగడలాడాయి. ఆమె లేచి వంటింట్లోకి పోయి, ఏం చేయడానికి వచ్చిందో మరిచిపోయి, గ్యాసు పొయ్యి ముందు నిలబడింది.

ఆ రోజునుంచి నాలుగో అధ్యాయం కదలలేదు.

ఆమె సోమరిగా కూర్చున్నదని ఎవరూ అనలేరు. గైడు పరశురాములు సార్ చెప్పినవన్నీ చేసింది. "బాగ రాయాలనుకోకు. రోజుకో పేజీ రాయి. చెత్తగున్నా సరే, రాయి. దిద్దుడు నా పని" అన్నాడాయన. ఫోన్లో అలారం పెట్టుకుని, అది మోగేదాకా కుర్చీ దిగకూడదని నియమం పెట్టుకుంది. బల్ల దిక్కు మార్చింది. కాలేజీకి పోయే బస్సులో, వచ్చే బస్సులో రాసింది. రాసిందల్లా ఆ రికార్డింగు చుట్టూ తిరిగేది, దాని దగ్గరికి వచ్చేసరికి వాక్యం సగంలో ఆగిపోయేది.

ఆసిఫాబాద్‌లో ఉండే సృజన అదే గైడు దగ్గర పరిశోధన చేస్తోంది. ఆమె కూడా రాత కుదరక సతమతమవుతోంది. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం చేశారు. పొద్దున ఒకరికొకరు ఫోన్ చేసుకుని, లైను కట్ చేయకుండా బల్లమీద పెట్టి, మాట్లాడకుండా ఎవరి రాత వాళ్ళు రాసుకోవాలి. అవతల సృజన కీబోర్డు టకటకలాడుతుంటే ఇవతల నవీనకు కూడా వేళ్ళు ఆడేవి. తోడున్నట్టుండేది. కొన్నాళ్ళు బాగానే నడిచింది.

ఒక పొద్దున సృజన టైపు చేయడం ఆపేసింది.

"అక్కా, మీ దగ్గర ఎవలన్న పోయిండ్రా?"

"లేదు. ఎందుకు?"

"ఎవలో ఏడుస్తున్నట్టు వినపడుతుంది. శోకం వెట్టినట్టు. ముసలామె గొంతు."

నవీన చుట్టూ చూసింది. రాకేశ్ మార్నింగ్ షిఫ్టుకు పోయాడు. టీవీ లేదు. కిటికీ అవతల క్వార్టర్ల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది.

"రికార్డింగ్ నడుస్తుందేమో, జర చూడుండ్రి" అంది సృజన.

రికార్డర్ అలమారలో ఉంది. లాప్‌టాప్‌లో ఒక్క రాత ఫైలే తెరిచి ఉంది.

"అవును, రికార్డింగే" అని అబద్ధం చెప్పి నవీన ఫోన్ పెట్టేసింది. పొద్దుటి ఎండ గది నిండా ఉంది. అంత వెలుగులో భయపడడం ఆమెకు అంతకుముందు తెలియదు.

మరుసటి రోజు సృజన ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ గదిలోకి పోవడమే మానేసింది. అటు తలుపు దగ్గరగా వేసి ఉంచేది. కాలేజీలో పాఠం చెబుతూ మధ్యలో ఆగి, "ఎవరన్న పిలిసిండ్రా?" అని పిల్లలను అడిగేది. తిండి తగ్గింది. రాకేశ్ ఊరుకోలేక ఒకనాడు అలమారలోని రికార్డర్ తీసి డ్యూటీ సంచిలో పెట్టుకున్నాడు.

"ఇది మైన్ల నా లాకర్ల వెడుత. గీ ఏడుపులన్ని ఇంట్ల వెట్టుకుంటే ఇల్లు మంచిగుంటదా? నువ్వు పరేషాన్ కాకు. సదువు పోతే పోయింది."

రికార్డర్ పోయింది గాని గొంతు పోలేదు. చెట్లకు నీళ్ళు పోస్తున్నప్పుడు, బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, అది మెల్లగా మొదలయ్యేది. విందామని ఆగితే ఆగిపోయేది.

అలా వానాకాలం గడిచింది. ఒక రికార్డింగు దగ్గరే పని ఆగిపోయిందని తెలిసి పరశురాములు సార్ ఫోన్ చేశాడు. "అమ్మా, గడువు ఇంకోసారి పెంచరు. ఆ ఒక్క రికార్డింగ్ తీసెయ్. మిగిలినవాటితోని అధ్యాయం నిలబడుతది."

"తీసేస్త సార్" అంది. తీసేసింది కూడా. అంతకుముందే రాతలోకి ఎక్కించిన మిగిలినవాటితో రాయబోతే, వాటిలోనూ ప్రతి శోకం మధ్యా ఆ ఖాళీ కనిపించింది, ఎవరో అందుకోవలసిన చోటు. లాప్‌టాప్ మూసేసి, కాలేజీకి సెలవు చెప్పి, గోదావరొడ్డు ఊరి బస్సెక్కింది.

పోశవ్వ మంచం పట్టి ఉంది. చూపు సన్నగిల్లింది. కోడలు తిరుమల ఆమె పక్కన కూర్చుని మక్కలు ఒలుస్తోంది. నవీన మంచం దగ్గర కూర్చుని, "నేను పెద్దవ్వా, నవీనను. నస్పూర్ నుంచి వచ్చిన. మాయవ్వ కోసం శోకం పెట్టిచ్చుకున్న" అంది.

పోశవ్వ చేయి చాపి ఆమె ముఖం తడిమింది.

"ఓ, గా ఏడ్సిన పొల్లవా?"

"నేను ఏడ్వలే పెద్దవ్వా. నువ్వు ఏడ్సినవు."

ముసలామె నవ్వినట్టు చేసింది. "నేనేం ఏడ్సిన? నేను అందిచ్చిన. నువ్వే ఏడ్సినవు. నేను ఆపుదామంటే నువ్వు ఆపలే."

నవీన తిరుమల వైపు చూసింది. తిరుమల ఒలిచే పని ఆపి, "అవునక్కా. నీకు యాదికి లేదా?" అంది. "ఎవలో సచ్చిండ్రని పక్కింటోళ్ళు ఉరికొచ్చిండ్రు. నువ్వు నేల మీద కూలవడి, గోడకు తల ఆనిచ్చుకొని ఏడ్సినవు. నేనే నీళ్ళు తాగిపిచ్చిన. తర్వాత నువ్వు మొకం కడుక్కొని, ఏం కానట్టు చాయ తాగి పోయినవు. మాకే భయమయింది."

నవీనకు ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. ఆ గోడ చూసింది. సున్నం పెచ్చులూడిన మామూలు గోడ. తన తల అక్కడ ఆనిందనీ, తన నోట్లోంచి ఆ గొంతు వచ్చిందనీ నమ్మడానికి ఎంత ప్రయత్నించినా, వేరే ఎవరో ఆడమనిషి కథ విన్నట్టే ఉంది.

"నా గొంతు అట్లుండదు పెద్దవ్వా. అది మాయవ్వ గొంతు."

"మరి మీయవ్వ గొంతు నీకు గాక ఎవలకు వస్తది?" అంది పోశవ్వ, అలసిపోయి కళ్ళు మూసుకుంటూ.

ఇంటికి రాగానే రాకేశ్‌ను రికార్డర్ అడిగింది. అతను వద్దన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. వారాంతపు సెలవునాడు అతను దాన్ని తెచ్చి, తను కూడా ఆమె పక్కనే కూర్చున్నాడు. ఇయర్‌ఫోన్స్ లేకుండా గట్టిగా పెట్టి విన్నారు. ఆ రెండో గొంతు రాగానే రాకేశ్ ఆమె ముఖంలోకి చూశాడు.

"నవీనా, ఇది నువ్వే."

"నీకెట్ల తెలుసు?"

"గీ రాగం నువ్వు తీస్తనే ఉంటవు గద. బోళ్ళు తోమేటప్పుడు, రాసుకునేటప్పుడు. సదువు కోసం నేర్చుకుంటున్నవనుకున్న నేను. నీకెరుక లేదా?"

సృజన ఫోన్లో విన్నది కూడా అదేనని అప్పుడు అర్థమైంది. ఇంట్లో ఇంకెవరూ లేరన్న మాట నిజమే. అది తెలిశాక ధైర్యం రావాలి. రాలేదు. బయటినుంచి వచ్చే గొంతైతే తలుపు వేసుకోవచ్చు. తన లోపల తనకు తెలియకుండా ఒక మనిషి కూర్చుని ఇన్నాళ్ళూ ఏడుస్తోందంటే, ఏ తలుపు వేయాలి?

అయినా రాసింది. ఉత్సాహం వచ్చి కాదు. ఆ మనిషి ఏమంటోందో తెలుసుకోవాలని. పొద్దున్నే ఫోన్ కలిపి బల్లమీద పెట్టి, "వినపడితే భయపడకు, అది నేనే" అని సృజనకు చెప్పింది. కొంచెం వినడం, ఆపడం, రాయడం. మాటలు విడివిడిగా తేలుతూ వచ్చాయి. పోశవ్వ మాట పక్కన పోశవ్వ పేరు రాసింది. రెండో గొంతు పక్కన ఏమీ రాయలేదు.

"నాకొక్క మాట జెప్పకపోతివి నా తల్లీ... నేను పేపరు మీద పేపరు రాస్తుంటి నా తల్లీ... నా పేరు పిలిస్తివో పిలువకపోతివో నా తల్లీ..."

ఈ మాటలను ఆమె వేరే ఎవరి మాటలనో పరిశీలించినట్టే పరిశీలించింది. ఎక్కడ పోశవ్వ అందించింది, ఎక్కడ రెండో ఆమె తనంతట తానే ఎత్తుకుంది, ఎక్కడ శోకం ప్రశ్నగా మారింది. రాస్తున్నప్పుడు కళ్ళు తడవలేదు. ఒక్కోసారి సృజన మాత్రం అవతలినుంచి, "అక్కా, కాసేపు లేసి నడువు" అనేది. అప్పుడు తను రాగం తీస్తోందని తెలిసేది.

అధ్యాయం చదివి పరశురాములు సార్ పిలిపించాడు.

"ఈ మధ్య రాసినవాటిల్ల ఇదే నిలబడేది. కాని ఈ రెండో గొంతు ఎవలది? పేరు లేకుంట ఎట్ల?"

"నాదే సార్."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. తర్వాత మెల్లగా, "అయితే రాయి. పేరు, వయసు, ఊరు. అందరివి రాసినట్టే నీది రాయి" అన్నాడు.

రాసింది. సమాచారం ఇచ్చినవాళ్ళ పేర్లలో పోశవ్వ తర్వాత తన పేరు చేర్చింది. పుట్టిన ఊరు సిరిసిల్ల అని టైపు చేస్తుంటే, వేలు కాసేపు గాల్లో ఆగింది.

వైవా వరంగల్‌లో జరిగింది. రాకేశ్‌కు సెలవు దొరకలేదు. అంబదాస్ మాత్రం సిరిసిల్లనుంచి తెల్లటి అంగీ వేసుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. పరీక్షకు వచ్చిన ఆచార్యుడు నాలుగో అధ్యాయంలోంచి ఆ మాటలు పైకి చదివాడు. అంబదాస్ తల దించుకుని విన్నాడు. డిగ్రీకి సిఫారసు చేస్తున్నామని ప్రకటించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన కొట్టలేదు.

సాయంత్రం ఇద్దరూ కరీంనగర్ బస్సెక్కారు. అక్కడ ఆమె దిగి మంచిర్యాల బస్సు పట్టుకోవాలి, ఆయన సిరిసిల్ల పోవాలి. బస్సు హుజూరాబాద్ దాటింది. అంబదాస్ ముందు సీటు కడ్డీ పట్టుకుని, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"పిలిసింది బిడ్డా."

"ఎవలు బాపు?"

"మీయవ్వ. నిన్ను పిలిసింది. పిలిసిందో లేదో అని రాసినవు గద. దవాఖానల, ఆఖరి దినం. 'నా నవ్వీ ఏది?' అని అడిగింది. ఫోన్ చేసిన, వస్తుంది అని ఆమెకు చెప్పిన. కాని నేను నీకు ఫోన్ చెయ్యలే. తెల్లారితే నీ పరీక్ష."

నవీన ఆయన వైపు తిరిగింది.

"ఇంకో ఘడియకు మళ్ళ అడిగింది. బస్సెక్కింది, హుజూరాబాద్ దాటిందట అన్న. మళ్ళ అడిగింది. కరీంనగర్ల దిగి ఇంకో బస్సెక్కిందట అన్న. ఊపిరి ఆడుతలేదు ఆమెకు, అయినా అడుగుడు ఇడ్వలే. వేములవాడ దాటింది, ఇగ వచ్చె అన్న. తలుపు దిక్కు మొకం తిప్పమన్నది. తిప్పిన. గట్లనే సూసుకుంట పోయింది."

ఆయన గొంతులో ఏడుపు లేదు. ఎన్నో ఏండ్లు లోపల చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటల్లా ఉన్నాయవి.

"నీకు చెప్పద్దనే అనుకున్న. గిప్పుడు గా సారు చదువుతుంటే ఉండవశం కాలే."

కిటికీ అవతల మానకొండూరు చెరువు మీద పొద్దు గుంకుతోంది. ఆమె ఎక్కని ఆ బస్సు, తండ్రి మాటల్లో మాత్రమే నడిచిన బస్సు, ఒక్కొక్క ఊరే దాటుకుంటూ వచ్చిన బస్సు, ఇప్పుడు తాము కూర్చున్నదేనేమో అనిపించింది ఆమెకు. లోపలున్న ప్రయాణికులందరినీ ఒకసారి తిరిగి చూసింది. మామూలు మనుషులు. ఒకామె సంచిలోంచి సీతాఫలాలు తీసి పక్కామెకు చూపిస్తోంది.

కరీంనగర్ బస్టాండులో దిగారు. మంచిర్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అంబదాస్ ఆమె సంచి అందుకుని, "ఎక్కు బిడ్డా, సీట్లున్నయి" అన్నాడు.

ఆమె రాకేశ్‌కు ఫోన్ చేసింది. "డిగ్రీ ఇస్తున్నరు. నేను ఇయ్యాల రాను. బాపు వెంబడి పోతున్న" అంది. అతను ఎందుకని అడిగాడు. "ఇంటికాడ పని ఉంది" అని పెట్టేసింది.

సిరిసిల్ల బస్సులో తండ్రీ కూతుళ్ళకు పక్కపక్కనే చోటు దొరికింది. వేములవాడ దాటేటప్పుడు అంబదాస్ కళ్ళు మూసుకున్నాడు. నవీన మూసుకోలేదు. దారి పొడుగునా ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తూ కూర్చుంది.